వీబీ6 లో తెలుగు పదాల ఆట: తెర మిణుకు (ఫ్లికర్), వేగంలో తేడా, అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు

పాలపిట్ట_64
వీబీ6 (విజువల్ బేసిక్ 6) లో పదాల ఆట రాస్తున్నా. పైనుంచి అక్షరాలు రాలుతుంటాయి, ఆడేవాళ్లు వాటిని పట్టుకుని పదం కూర్చాలి. ఫారం, అంటే ఆట కిటికీ, 800×600 పిక్సెళ్లు. కోడు 6,000 లైన్లు దాటింది కాబట్టి "వేరే భాషకు మారిపో" అనొద్దు, ముందే చెప్తున్నా.

ఇరుక్కున్న చోట్లు ఇవి. ఒకటి, అక్షరం కదిలినప్పుడల్లా ఫారం మొత్తం మిణుకుమంటోంది. టైమర్‌లో క్లియర్ చేసి మళ్లీ ప్రింట్ చేస్తున్నా. రెండు, టైమర్ ఇంటర్వెల్ 20 (మిల్లీసెకన్లు) పెట్టి ఒక్కో అడుగుకి 4 పిక్సెళ్లు దించుతున్నా. ఒక కంప్యూటర్‌లో అక్షరం 3 సెకన్లలో కిందికొస్తే ఇంకోదానిలో దాదాపు 5 సెకన్లు పడుతోంది. మూడు, అన్నిటికంటే పెద్దది: తెలుగు ప్రింట్ చేస్తే వరసగా ప్రశ్నార్థకాలు. ఇంగ్లిష్ అక్షరాలతో ఆట బాగానే నడుస్తోంది, కానీ నాకు కావాల్సింది అది కాదు.

ఉలవచారు
ఏప్రిల్ 8, 2008 న సపోర్ట్ ఆగిపోయిన సరుకు అది. 64 బిట్ లేదు, యూనికోడ్ కంట్రోళ్లు లేవు. 6,000 లైన్లు అంటే పెద్దేం కాదు, గొడో అనే గేమ్ ఇంజిన్లో నెల రోజుల పని.

లూపులో_లోకం
@ఉలవచారు, ఆయన ముందే వద్దన్నారు కదా. ఇంకో సంగతి, ఆ తేదీన ఆగింది ఎడిటర్‌కి సపోర్ట్. రన్‌టైమ్ డీఎల్‌ఎల్ ఇప్పటికీ విండోస్ 11 తోనే వస్తోంది. ఈఎక్స్‌ఈ ఒక్కటి పంపితే అవతల ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యకుండా నడుస్తుంది, ఓసీఎక్స్‌లు (విడి ఫైళ్లుగా వచ్చే అదనపు కంట్రోళ్లు) వాడనంత వరకు. ఓసీఎక్స్ ఒక్కటి పెట్టినా దాన్ని అవతల రిజిస్టర్ చేయించాల్సిందే. ఆటకి అవి అక్కర్లేదు కూడా.

పిక్సెల్‌పంతులు
ఫ్లికర్ సంగతి ముందు తేల్చేద్దాం, అది 5 నిమిషాల పని. ఫారంకి ఆటోరీడ్రా ట్రూ చెయ్యండి, స్కేల్‌మోడ్ 3 పెట్టండి. అప్పుడు మీరు గీసేదంతా మెమరీలో ఉన్న బొమ్మ మీద పడుతుంది. అన్నీ గీశాక చివర ఒక్కసారి రిఫ్రెష్. ఇప్పుడు మీ క్లియర్‌కీ ప్రింట్‌కీ మధ్య ఉన్న ఖాళీ ఫారాన్ని కన్ను పట్టేస్తోంది, మిణుకు అదే.

స్కేల్‌మోడ్ మర్చిపోతే కొలతలన్నీ ట్విప్‌లలో ఉంటాయి. అంగుళానికి 1440 ట్విప్‌లు, 96 డీపీఐ (అంగుళానికి 96 చుక్కలు) తెర మీద పిక్సెల్‌కి 15. కోడులో ఎక్కడైనా 15 తో గుణించి ఉంటే ఇవాళే తీసెయ్యండి. రేపు డీపీఐ మ్యానిఫెస్ట్ (తెర సాంద్రతని ఆటే చూసుకుంటుందని విండోస్‌కి చెప్పే ఫైలు) పెట్టారంటే 125 శాతం తెర మీద అది 12 అవుతుంది, 150 మీద 10. గళ్లన్నీ చెదిరిపోతాయి.

నల్లరేగడి
ఆటోరీడ్రా నమ్ముకోవద్దు. ఫారం సైజు మారినా, పిక్చర్ మార్చినా హెచ్‌డీసీ (డీసీ అంటే విండోస్ ఇచ్చే గీసే పలక, ఇది దాని నంబరు) మారవచ్చు. మొదట్లో ఒక వేరియబుల్‌లో దాచుకుని దాన్నే వాడుతుంటే ఏదో ఒకరోజు తెర నల్లగా వస్తది, కారణం దొరకదు. సొంత బ్యాక్ బఫర్ (మెమరీలో గీసుకునే బొమ్మ) చేసుకోవడమే మేలు: క్రియేట్‌కంపాటిబుల్‌డీసీ, క్రియేట్‌కంపాటిబుల్‌బిట్‌మ్యాప్, సెలెక్ట్‌ఆబ్జెక్ట్, ఫ్రేమ్ చివర తెర మీదికి కాపీ చేసే ఒక బిట్‌బ్లిట్.

ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. బిట్‌మ్యాప్‌ని కొత్త మెమరీ డీసీతో చేయించొద్దు, ఫారం హెచ్‌డీసీతో చేయించాలి. కొత్త మెమరీ డీసీలో పుట్టుకతో ఉండేది 1×1 నలుపు తెలుపు బొమ్మ. దానికి కంపాటిబుల్ అంటే మీ ఆట మొత్తం నలుపు తెలుపులోనే వస్తది.

పిక్సెల్‌పంతులు
@నల్లరేగడి చెప్పింది నిజమే, కాకపోతే హెచ్‌డీసీని దాచుకోకుండా ప్రతి ఫ్రేమ్‌లో ఫారంని అడిగి వాడితే ఆ చిక్కు రాదు. మొదటి వెర్షన్‌కి ఆటోరీడ్రా చాలు, ఆట నిలబడ్డాక బఫర్ రాసుకోవచ్చు.

గోదారిగట్టు
వేగం సంగతి నేను చెప్తానండి. టైమర్ కంట్రోల్ మీరు చెప్పిన 20 మిల్లీసెకన్లని పాటించదు. విండోస్ గడియారం మామూలుగా 15.6 మి.సె. కి ఒక టిక్కు కొడుతుంది. 20 అడిగితే రెండో టిక్కు దాకా ఆగి సుమారు 31 కి వస్తుంది. ఆ కంప్యూటర్లో గడియారం రిజల్యూషన్ 1 మి.సె. కి పెరిగి ఉంటే 20 దగ్గరే వస్తుంది. లెక్క చూడండి: సెకనుకు 50 సార్లు, 4 పిక్సెళ్ల చొప్పున 200, అంటే 600 దిగడానికి 3 సెకన్లు. 32 సార్లయితే 128, అప్పుడు 4.7 సెకన్లు. మీరు రాసిన అంకెలు అచ్చంగా ఇవే.

టైమర్ తీసేసి లూపు రాయండి. వరస ఇది: క్వెరీపెర్ఫార్మెన్స్‌కౌంటర్ చదవాలి, పోయినసారి నుంచి గడిచిన సమయాన్ని ఒక పోగులో కలపాలి, పోగులో 20 మి.సె. ఉన్నంతసేపూ ఒక్కో అడుగు నడిపి 20 తీసెయ్యాలి, తర్వాత అడుగు పడి ఉంటే ఒక్కసారి గీసి, డూఈవెంట్స్ (ఆగి ఉన్న నొక్కులు, కీలు విండోస్ చూసుకునేలా వదలడం), స్లీప్ 1. ఆ కౌంటర్ 64 బిట్ అంకె, వీబీ6 లో అంత ఇంటిజర్ లేదు కాబట్టి కరెన్సీ టైపులో తీసుకోండి. కరెన్సీ 10,000 తో భాగించి చూపిస్తుంది, ఫ్రీక్వెన్సీ కూడా అలాగే వస్తుంది కనుక భాగహారంలో రెండూ కొట్టుకుపోతాయి.

స్లీప్ 1 నిజంగా 1 కావాలంటే మొదట్లో టైమ్‌బిగిన్‌పీరియడ్ 1, బయటికెళ్లేటప్పుడు టైమ్‌ఎండ్‌పీరియడ్ 1. లేకపోతే అదీ 15 దాకా నిద్రపోతుంది.

లూపులో_లోకం
దానికి ఒక తాళం వెయ్యాలి. ఆడేవాళ్లు టైటిల్ బార్ పట్టుకుని కిటికీని 3 సెకన్లు లాగారనుకోండి, అంతసేపూ మీ లూపు డూఈవెంట్స్ లోపలే ఆగిపోతుంది. వదిలాక పోగులో 3000 మి.సె. ఉంటాయి, 150 అడుగులు ఒక్క దెబ్బన నడుస్తాయి, అక్షరాలన్నీ టపటపా రాలి ఆట అయిపోతుంది. మెసేజ్‌బాక్స్ తెరిచినా ఇంతే. గడిచిన సమయం 100 దాటితే 100 కి కోసెయ్యండి.

పాలపిట్ట_64
ఆటోరీడ్రాతో మిణుకు పోయింది. లూపు కూడా రాశా, రెండు కంప్యూటర్లలోనూ 3 సెకన్లే! కానీ కిటికీ మూసేశాక టాస్క్ మేనేజర్‌లో ఈఎక్స్‌ఈ ఇంకా నడుస్తూనే ఉంది. ఫారం కనపడదు, సీపీయూ మాత్రం తింటోంది.

గోదారిగట్టు
లూపు ఆగలేదండి, అంతే. ఫారం అన్‌లోడ్ అయినా లూపు తిరుగుతూ ఫారం1 హెచ్‌డీసీ అని అడుగుతుంది. అడగ్గానే వీబీ ఆ ఫారంని మళ్లీ లోడ్ చేసేస్తుంది, కనపడకుండా. క్వెరీఅన్‌లోడ్‌లో 'నడుస్తోంది' జెండా ట్రూ ఉంటేనే దాన్ని ఫాల్స్ చేసి క్యాన్సిల్ ట్రూ పెట్టండి. లూపు బయటికొచ్చాక దాని కింది లైన్లో అన్‌లోడ్ మీ. ఎండ్ అని మాత్రం రాయకండి, అది టెర్మినేట్ ఈవెంట్లు కూడా నడపకుండా కోసేస్తుంది, మీరు తీసుకున్న డీసీలు విడిచిపెట్టే కోడు అక్కడే ఉండిపోతుంది.

'మొదలు' బటన్‌ని కూడా నొక్కగానే డిసేబుల్ చెయ్యండి. డూఈవెంట్స్ వల్ల రెండో నొక్కు కూడా పడుతుంది, లూపులో లూపు మొదలవుతుంది.

లూపులో_లోకం
నా పేరు అందుకే పెట్టుకున్నా :)

అరసున్న
తెలుగు విషయం ఎవరూ ముట్టుకోలేదు, నేను మొదలుపెడతా. వీబీ6 స్ట్రింగ్ లోపల యూనికోడే, అక్కడ తప్పు లేదు. ప్రింట్, క్యాప్షన్, లేబుల్, టెక్స్ట్‌బాక్స్, ఇవన్నీ బయటికి ఏఎన్‌ఎస్‌ఐ (ఒక్కో భాషకి ఒక్కో కోడ్‌పేజీ, అంటే అక్షరాల పట్టిక, ఉండే పాత పద్ధతి) లోకి మార్చి పంపుతాయి. తెలుగుకి ఏఎన్‌ఎస్‌ఐ కోడ్‌పేజీ అంటూ అసలు లేదు. మార్చలేని ప్రతి అక్షరానికీ ఒక ప్రశ్నార్థకం పెడుతుంది.

దారి: జీడీఐలో (విండోస్‌లో బొమ్మలు గీసే భాగం) టెక్స్ట్‌అవుట్‌డబ్ల్యు. డిక్లేర్ రాసేటప్పుడు స్ట్రింగ్ పెరామీటర్‌ని స్ట్రింగ్ అని రాస్తే వీబీ మళ్లీ మధ్యలో దూరి మార్చేస్తుంది. బైవాల్ లాంగ్ అని రాసి, పిలిచేటప్పుడు స్ట్రింగ్‌పాయింటర్ పంపాలి, పొడవుకి లెన్. ఫాంట్ క్రియేట్‌ఫాంట్‌డబ్ల్యుతో: నిర్మలా యూఐ విండోస్ 8 నుంచి ఉంది, గౌతమి ఎక్స్‌పీ నాటిది. వత్తులు, గుణింతాలు కలపడం విండోసే చూసుకుంటుంది.

టైటిల్ బార్‌లో తెలుగు కావాలంటే డెఫ్‌విండోప్రాక్‌డబ్ల్యుకి 12 వ నంబరు సందేశం పంపండి. మామూలు సెట్‌విండోటెక్స్ట్ పని చెయ్యదు, వీబీ ఫారాలు ఏఎన్‌ఎస్‌ఐ కిటికీలు.

ఉలవచారు
విండోస్ ప్రాంతీయ సెట్టింగుల్లో యూటీఎఫ్-8 బీటా అని టిక్కు ఒకటి ఉంటుంది కదా, అది పెడితే సరిపోదా?

అరసున్న
మీ కంప్యూటర్లో పెట్టుకుంటారు సరే, ఆడేవాళ్ల కంప్యూటర్లో ఎవరు పెడతారు? ఆట కోసం మొత్తం సిస్టమ్ సెట్టింగ్ మార్చమని అడగటం సబబు కాదు.

పాలపిట్ట_64
టెక్స్ట్‌అవుట్‌డబ్ల్యుతో "అమ్మ" తెర మీద కనిపించింది!! కాకపోతే పదాల జాబితా కోడులో ఎలా పెట్టాలి? ఎడిటర్‌లో పేస్ట్ చేస్తే అక్కడే ప్రశ్నార్థకాలవుతున్నాయి.

అరసున్న
కోడు ఫైళ్లు కూడా ఏఎన్‌ఎస్‌ఐయే, అక్కడ తెలుగు నిలవదు. నోట్‌ప్యాడ్‌లో లైనుకొక పదం రాసి యూటీఎఫ్-16 ఎల్‌ఈ గా సేవ్ చెయ్యండి. ఫైలుని బైనరీగా తెరిచి, ఫైలంత బైట్ శ్రేణిలోకి గెట్ చేసి, ఆ శ్రేణిని నేరుగా స్ట్రింగ్‌కి కేటాయించండి. మార్పిడి ఏమీ జరగదు, బైట్లు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. మొదటి అక్షరం బీవోఎం (ఫైలు ఏ ఎన్‌కోడింగో చెప్పే గుర్తు), దాన్ని వదిలేసి రెండో దాన్నుంచి తీసుకోండి. దాని కోడు 65279 కానీ యాస్క్‌డబ్ల్యు -257 చూపిస్తుంది, ఎందుకంటే అది 16 బిట్ ఇంటిజర్ ఇస్తుంది. 65279 తో పోలిస్తే ఎప్పటికీ సరిపోలదు.

తర్వాత వచ్చేది అసలు చిక్కు. మీ ఆటలో రాలాల్సింది అక్షరాలు, కోడ్‌పాయింట్లు (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకి ఇచ్చిన నంబర్లు) కావు. "స్వాతంత్ర్యం" తీసుకోండి. లెన్ అడిగితే 12 చెప్తుంది. తెలుగువాడికి అది మూడే: స్వా, తం, త్ర్యం. మిడ్‌తో ఒక్కొక్కటి కోస్తే తెర మీద స, పొల్లు, వ, దీర్ఘం విడివిడిగా రాలతాయి, పొల్లు కింద చుక్కల సున్న కూడా కనపడుతుంది.

కోసే పద్ధతి చిన్నదే. స్ట్రింగ్ వెంట నడుస్తూ పోండి. అచ్చు (3077 నుంచి 3092) గానీ హల్లు (3093 నుంచి 3129) గానీ వచ్చి, దాని ముందున్నది పొల్లు (3149) కాకపోతే కొత్త అక్షరం మొదలు. మిగతా ప్రతీదీ, అంటే గుణింతాల గుర్తులు, సున్న (3074), విసర్గ (3075), పొల్లు, ముందున్న అక్షరానికే అతుక్కుంటాయి. పొల్లు తర్వాత వచ్చిన హల్లు వత్తు కాబట్టి అదీ ముందుదానికే. "త్ర్యం" లో రెండు వత్తులున్నా ఇదే నియమం చాలు.

నల్లరేగడి
మస్తు చెప్పారు. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో ట్ తర్వాత 8204 అనే కనపడని అక్షరం ఉంటది, అప్పుడు వే ముందున్నది పొల్లు కాదు కాబట్టి విడిగా వస్తది. కరెక్టే. కానీ అది లేకుండా టైప్ చేసిన జాబితా తీసుకుంటే ట్వే అని అతుక్కుంటది. జాబితా ఒకసారి కళ్లతో చూసుకోవాలె.

పిక్సెల్‌పంతులు
ఒక్కో అక్షరాన్నీ ప్రతి ఫ్రేమ్‌లో టెక్స్ట్‌అవుట్‌తో గీయకండి. ఆట మొదట్లోనే ఒక్కోదాన్నీ నల్లటి మెమరీ డీసీ మీద తెల్లగా ఒకసారి గీసి పెట్టుకుని, ఆపైన బిట్‌బ్లిట్ చెయ్యండి. వెడల్పు గెట్‌టెక్స్ట్‌ఎక్స్‌టెంట్‌పాయింట్32డబ్ల్యుతో కొలవాలి. ఎత్తు లోభించొద్దు, కింది వత్తు కోసుకుపోతే త్ర్య చూడ్డానికి త అవుతుంది.

బొమ్మ నేపథ్యం మీద వెయ్యాలంటే మాస్క్ కావాలి. మాస్క్‌లో పారదర్శకం అవ్వాల్సిన చోట తెలుపు, అక్షరం ఉన్న చోట నలుపు. ముందు మాస్క్‌ని ఎస్‌ఆర్‌సీయాండ్‌తో, దానిమీద అక్షరాన్ని ఎస్‌ఆర్‌సీపెయింట్‌తో. ఫాంట్ చేసేటప్పుడు క్వాలిటీ విలువ 3 ఇవ్వండి, అంటే నునుపు చెయ్యొద్దని. లేకపోతే క్లియర్‌టైప్ అంచుల్లో పెట్టే ఎరుపు నీలం పిక్సెళ్లు మాస్క్‌లో ఇరుక్కుని ప్రతి అక్షరం చుట్టూ మురికి గీతలా కనపడుతుంది. ఇదే కారణంతో స్ప్రైట్‌లకి జేపీజీ వద్దు, నలుపు, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 0 అనుకున్నది, అక్కడ 3, 2, 4 అవుతుంది. బీఎంపీ వాడండి. లోడ్‌పిక్చర్ పీఎన్‌జీని ఎలాగూ తెరవదు.

పాలపిట్ట_64
అక్షరాలు చక్కగా పడుతున్నాయి. ఇంకొకటి. ఆట మొదలైన 3 నిమిషాల చిల్లరకి స్కోరు కనపడటం ఆగిపోతోంది, తర్వాత బటన్లు కూడా సగం సగం గీస్తోంది. ప్రతిసారీ దాదాపు అదే సమయానికి.

నల్లరేగడి
స్కోరు గీసే చోట ప్రతి ఫ్రేమ్‌లో క్రియేట్‌ఫాంట్ పిలుస్తున్నారు, డిలీట్ చేస్తలేరు. ఒక ప్రాసెస్‌కి జీడీఐ ఆబ్జెక్టుల పరిమితి 10,000. సెకనుకు 50 చొప్పున 200 సెకన్లు, అంటే 3 నిమిషాల 20 సెకన్లు. టాస్క్ మేనేజర్‌లో డిటెయిల్స్ ట్యాబ్‌కి పోయి జీడీఐ ఆబ్జెక్ట్స్ కాలమ్ పెట్టుకుని చూడండి, అంకె ఎక్కుతనే ఉంటది.

ఫాంట్ మొదట్లో ఒక్కసారే చెయ్యండి. తీసేసేటప్పుడు డీసీలోకి పాత ఫాంట్‌ని తిరిగి సెలెక్ట్ చేసి, ఆ తర్వాతనే డిలీట్‌ఆబ్జెక్ట్. బిట్‌మ్యాప్‌కైనా ఇదే వరస, చివర్న డిలీట్‌డీసీ.

పాలపిట్ట_64
అక్షరాలా అదే! అంకె 9,990 దాటగానే ఆగిపోయింది. సరిచేశాక 60 దగ్గర నిలబడింది.

గోదారిగట్టు
కంపైల్ చేసే ముందు ఇవి చూసుకోండి. ప్రతి మాడ్యూల్ పైన ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్. "డిమ్ ఎ, బి యాజ్ లాంగ్" అంటే బి మాత్రమే లాంగ్, ఎ వేరియంట్ అవుతుంది, 16 బైట్లు తింటుంది, నెమ్మది కూడా. ఇంటిజర్ 32,767 దాకానే. పాయింట్లు 100, గుణకం 400, రెండూ ఇంటిజర్ వేరియబుల్స్ అయితే ఫలితం లాంగ్‌లోకి వెళ్తున్నా సరే ఓవర్‌ఫ్లో, ఎర్రర్ 6. ఒకదాన్ని సీలాంగ్‌తో మార్చండి, అసలు అన్నీ లాంగ్ పెట్టేసుకుంటే గొడవే లేదు.

ఉలవచారు
అడ్వాన్స్‌డ్ ఆప్టిమైజేషన్స్‌లో ఓవర్‌ఫ్లో తనిఖీ, శ్రేణి హద్దుల తనిఖీ తీసేస్తే వేగం పెరుగుతుంది కదా?

గోదారిగట్టు
పెరుగుతుందండి, కానీ ఈ ఆటకి అక్కర్లేదు. 800×600 తెర 32 బిట్‌లో 19,20,000 బైట్లు, సెకనుకు 50 సార్లు కాపీ చేసినా 96 మెగాబైట్లు, ఇవాళ్టి యంత్రానికి లెక్కే కాదు. ఆ టిక్కులు పెడితే మాత్రం 100×400 కి ఎర్రర్ రాదు, స్కోరు -25,536 అని చూపిస్తుంది. హద్దు దాటితే ఎర్రర్ 9 రావాల్సింది పోయి ఆట నిట్టనిలువునా కూలుతుంది.

ఉలవచారు
సరే, ఒప్పుకున్నా. శబ్దాలకి పాత పాఠాల్లో డైరెక్ట్‌ఎక్స్ 8 వాడమంటారు, అది వద్దు. దాని వీబీ డీఎల్‌ఎల్ విస్టా నుంచి విండోస్‌తో రావట్లేదు, ఎర్రర్ 429 వస్తుంది. ఎస్‌ఎన్‌డీప్లేసౌండ్ ఒకసారికి ఒకటే మోగిస్తుంది, రెండోది మొదటిదాన్ని కోసేస్తుంది. ఎంసీఐసెండ్‌స్ట్రింగ్‌తో ఒక్కో శబ్దాన్నీ వేరే అలియాస్‌తో మొదట్లోనే తెరిచి పెట్టుకుని, అవసరమైనప్పుడు 'ప్లే ఫ్రమ్ 0'. ఫోల్డర్ పేరులో ఖాళీ ఉంటే పాత్‌కి డబుల్ కోట్లు తప్పనిసరి.

64 బిట్ ఎప్పటికైనా కావాలంటే ట్విన్‌బేసిక్ చూడండి, వీబీ6 ప్రాజెక్టుని దిగుమతి చేసుకుంటుంది. అక్కడ హ్యాండిళ్లు, స్ట్రింగ్‌పాయింటర్ అన్నీ లాంగ్‌పాయింటర్ అవుతాయి, డిక్లేర్లన్నీ తిరగరాయాలి.

లూపులో_లోకం
మ్యానిఫెస్ట్‌ని రిసోర్స్ ఫైలులో పెడితే దాని సైజు 4 తో భాగింపబడాలి. లేకపోతే ఖాళీలు చేర్చి సరిచెయ్యండి. ఇది ఎవరూ చెప్పరు, సాయంత్రం మొత్తం పోతుంది.

పాలపిట్ట_64
ఇంకొకటే. కీబోర్డుతో కూడా అక్షరాలు పట్టుకునేలా చెయ్యాలి. టెక్స్ట్‌బాక్స్‌లో తెలుగు టైప్ చేస్తే మళ్లీ ప్రశ్నార్థకాలే.

అరసున్న
టెక్స్ట్‌బాక్స్ వదిలెయ్యండి. కీడౌన్‌లో వచ్చే కీకోడ్ తీసుకుని మీరే ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక) పట్టిక రాసుకోండి: కే మీద క, హెచ్ మీద ప, జే మీద ర, ఎల్ మీద త, డీ మీద పొల్లు. ఆడేవాళ్ల కంప్యూటర్లో తెలుగు కీబోర్డు లేకపోయినా నడుస్తుంది. నొక్కిన కోడ్‌పాయింట్లను ఒక స్ట్రింగ్‌లో పేర్చి, రాలుతున్న అక్షరంతో సరిపోలితే పట్టుకున్నట్టు. త్ర్యం కి ఎల్, డీ, జే, డీ... ఇలా ఆరు నొక్కులు. అలాంటి వాటిని కొంచెం నెమ్మదిగా రాల్చండి, నొక్కుకి అర సెకను చొప్పున లెక్కేసుకోండి.

గెట్‌అసింక్‌కీస్టేట్ వాడేట్టయితే జాగ్రత్త, కిటికీ వెనక ఉన్నా కీలు చదివేస్తుంది. ముందు గెట్‌ఫోర్‌గ్రౌండ్‌విండో మీదేనా అని చూసుకోవాలి.

నల్లరేగడి
బండి ర పెడుతున్నారా? ఱ 3121, హల్లుల వరుసలోనే ఉన్నది, కోసే కోడు మార్చే పని లేదు.

పాలపిట్ట_64
పెడుతున్నా. "గుఱ్ఱం" ఇప్పుడే వేసి చూశా, గు, ఱ్ఱం, రెండుగా పడింది.